కొవ్వొత్తిలో కొవ్వు

నేను అబద్ధం చెప్పాను. ఆ మూడు కొవ్వొత్తుల్లోనూ పశువుల కొవ్వు ఉందని నాకు తెలుసు. లేదని చెప్పాను. అడిగినావిడ పేరు డోరీన్. జంతువుల నుంచి వచ్చిందేదీ తన పూజబల్ల మీద పెట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి. నా మాట నమ్మి, తన వసంత పండుగనాడు అందులో ఒకదాన్ని బల్ల నడిమధ్యన నిలబెట్టి, నా చేతనే వెలిగింపజేసింది.

ఇది ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే చదివేవాళ్ళు నన్నొక సరదా ముసలాడనుకుని నా వెంట ఊళ్ళన్నీ తిరిగి, చివర్లో మోసపోయామనుకుంటారు. ఇంగ్లండు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మా వీధివాళ్ళు "రాయండి మాస్టారూ, రాణిగారి కోట చూశారా, పెద్ద గడియారం చూశారా" అని ఒకటే పోరు. నేను మాస్టారిని కాను. ఏడో తరగతితో బడి మానేసి, ఏలూరులో పెంకుటింటి వసారాలో నలభై ఏళ్ళు కొవ్వొత్తులు పోసినవాణ్ణి. ఆ తర్వాతి చదువంతా లైబ్రరీలో, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివిందే. గడియారం చూశాను. దాని గురించి రాసినవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు.

మా చెల్లెలి కూతురు సునీత నాటింగ్‌హామ్‌లో నర్సు. "ఒక్కసారి రా మావయ్యా, టికెట్ నేను తీస్తా" అని మూడేళ్ళు పిలిచింది. 2013 మార్చిలో బయల్దేరాను. ఎవరింటికైనా వెళ్తూ వట్టి చేతులతో వెళ్ళడం మా ఇంటావంటా లేదు. వసారాలో అటక మీద దాచుకున్న లావుపాటి కొవ్వొత్తులు మూడు తీసి, పాత పంచెలో చుట్టి పెట్టెలో పెట్టాను. ఒకటి మల్లె, ఒకటి సంపెంగ, ఒకటి మరువం. కొట్టు మూసేసే ముందు నేను పోసిన ఆఖరి అచ్చులవి.

వాటిలో కొవ్వెందుకు ఉందో కూడా చెప్పాలి. వట్టి మైనంతో పోసిన కొవ్వొత్తి మే నెలలో ఏలూరులో నిలబడదు. మధ్యాహ్నానికి అరటిపండులా వంగిపోతుంది. గట్టిగా ఉండడానికి తెల్లటి పలుకులు కొన్ని కరిగించి కలుపుతాం. స్టియరిక్ అంటారు. అది రెండు రకాలు. బెజవాడలో సరుకిచ్చే షావుకారు ఏమీ దాచేవాడు కాదు. "పామాయిలుది ఒకటి, కొవ్వుది ఒకటి. కొవ్వుది గట్టిది, చవకది. ఏది తూచమంటావు శామ్యేలూ?" అని అడిగేవాడు. నేను ప్రతిసారీ కొవ్వుదే తూచమనేవాణ్ణి.

మా వీధి చివర తెలుగు పంతులుగారొకాయన ఉండేవారు. కరెంటు పోయినప్పుడల్లా వచ్చి, పైసలు చేతిలో పెట్టేముందు "ఏమయ్యా, కొవ్వొత్తి అంటారు, ఇందులో కొవ్వేం లేదు కదా?" అనేవారు. "పేరుకే కొవ్వొత్తి సార్, అంతా మైనమే" అనేవాణ్ణి. ఆయన నవ్వేవారు, నేను నవ్వేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు ఆ మాట అన్నాను. చర్చి దగ్గర "వందనాలండీ" అన్నంత తేలిగ్గా నోటికొచ్చేది.

హారో

లండన్‌లో మొదట మూడు రోజులు హారోలో, ఏలూరులో మా పక్కింటివాళ్ళమ్మాయి దగ్గర ఉన్నాను. ఆ వీధుల్లో అరవం, గుజరాతీ, తెలుగు కలగలిపి వినిపిస్తాయి. ఇడ్లీ దొరుకుతుంది. కరివేపాకు రెండు రెమ్మలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పౌనుకి అమ్ముతున్నారు. మా పెరట్లో చెట్టుని మేకలు తింటాయి. ఆ లెక్కన మా మేకలు కోటీశ్వరులు.

రెండో రోజు ఆ అమ్మాయి ఆఫీసుకు పోతూ నన్నొక పెద్ద బజారు భవనంలో వదిలింది. అక్కడ ఒక కొట్టు నిండా కొవ్వొత్తులే. నా కాళ్ళు వాటంతటవే లోపలికి నడిచాయి. గాజు గిన్నెల్లో పోసి, మూతలు పెట్టి, ముత్యాలు పేర్చినట్టు పేర్చారు. ఒకటి తీసి వాసన చూశాను. సబ్బు వాసన.

"ఛీ" అన్నాను, పైకే.

"అంకుల్, తెలుగోళ్ళా మీరు?" అని వెనకనుంచి వినిపించింది. నల్ల యాప్రాన్ కట్టుకున్న అమ్మాయి. పేరు రమ్య, ఊరు కరీంనగర్ దగ్గర. ఎమ్మెస్సీ చదువుతూ ఇక్కడ పార్ట్ టైమ్ చేస్తోందిట.

"ఎలా కనిపెట్టావమ్మా?"

"వాసన చూసి ఛీ అన్నరు గద. ఈడోళ్ళు లోపల అనుకున్నా పైకి 'లవ్లీ' అంటరు."

"ఇదేం వాసన?"

"ఫ్రెష్ లినెన్ అంకుల్. ఉతికిన బట్టల వాసన. పద్దెనిమిది పౌన్లయినా మస్తు అమ్ముడువోతది."

"పద్దెనిమిది పౌన్లా! మా ఇంట్లో తీగ మీద ఊరికే ఆరేస్తాం కదమ్మా ఆ వాసనని."

"మీకు ఎండ ఉన్నది అంకుల్. ఈడ ఎండ లేదు. గదే ఎండ రేటు."

నాకు ఒళ్ళు మండింది. నా బతుకంతా వాన కాలంలో, పరీక్షల కాలంలో, ఊరు ఊరంతా చీకట్లో కూర్చున్నప్పుడు వెలుతురు అమ్మాను. మల్లె వాసన పోసి ఇస్తే "దీనికి సెంటెందుకయ్యా, శవం దగ్గర పెట్టడానికా" అని వెక్కిరించారు. ఇన్వర్టర్లు వచ్చాక ఆ పలకరింపూ పోయింది. ఇక్కడ చూస్తే కరెంటు పోని దేశంలో, సబ్బు వాసనకి ఇంత ధర!

గిన్నె తిరగేసి చూశాను. అడుగున ఆకుపచ్చ ఆకు బొమ్మ. అదేమిటని అడిగాను.

"వేగన్ అంకుల్. అంటె జంతువుది ఏదీ లేదన్నట్టు. పాలు, తేనె, కొవ్వు, ఏదీ."

"కొవ్వొత్తిని తింటారా ఏమిటి?"

"తినకున్నా అడుగుతరు. కొందరికి అది పట్టింపు. ఆకు గుర్తు లేనిది అడిగితె మాకు తెల్వదని చెప్పుమన్నరు. ఉన్నదాన్ని లేదని మాత్రం చెప్పొద్దన్నరు. ఒక్కసారి చెప్తె కొలువు వోతది."

అదీ సంగతి. వేగన్ అన్న మాటకి అర్థం, అది పట్టింపుగా ఉన్న మనుషులుంటారన్న విషయం నాకు హారోలోనే తెలిసింది. తెలియక చెప్పానని తప్పించుకునే దారి అక్కడే మూసుకుపోయింది.

నాటింగ్‌హామ్

కోచ్ బస్సు దిగేసరికి వాన, మంచు కలిపి కొడుతున్నాయి. వసంతం అని పేరు. మా పుష్యమాసం వీళ్ళ వసంతం ముందు వేడినీళ్ళ స్నానం.

సునీత ఇల్లు ఒకే గోడతో కలిసిపోయిన ఎర్ర ఇటుకల ఇళ్ళ వరుసలో ఉంది. తాళం తీస్తుంటే పక్క గుమ్మంలోంచి డెబ్భైకి దగ్గర పడ్డ ఒకావిడ, మగవాళ్ళ కోటు తొడుక్కుని, నన్ను చూసి "ఎయప్ మి డక్!" అంది.

డక్ అంటే బాతని నాకు నాలుగో తరగతి నుంచీ తెలుసు. లోపలికి వచ్చాక సునీతతో అన్నాను, "ఏమిటే ఆవిడ? వచ్చీ రాగానే మనిషిని పట్టుకుని బాతు అంటుంది?"

సునీత సోఫాలో పడి నవ్వింది. "అది తిట్టు కాదు మావయ్యా. మనం 'ఏం నాయనా' అంటాం చూడు, అలాంటిది. ఈ ఊళ్ళో బస్ డ్రైవర్ కూడా నన్ను డక్ అంటాడు. వచ్చిన కొత్తలో వార్డులో పేషెంట్ డక్, డక్ అంటుంటే ఇక్కడ బెడ్‌పాన్‌ని డక్ అంటారేమో అనుకుని తెచ్చిచ్చాను."

"మంచిదేనా మరి ఆవిడ?"

"బంగారం. నా డ్యూటీల రోటా ఆవిడకి కంఠతా వచ్చు. నైట్స్ చేసి నిద్రపోతుంటే పార్సిల్స్ ఆవిడే తీసుకుంటుంది. నేనూ మా ఆయనా ఊరెళ్తే చెత్త బిన్స్ బయట పెడుతుంది. కానీ మావయ్యా..." గొంతు తగ్గించింది, గోడకి చెవులున్నట్టు. "ఆవిడ విక్కన్."

"అంటే?"

"విచ్. అంటే చేతబడి టైపు కాదులే. ఋతువులకి పండుగలు చేస్తారు. ఏడాదికి ఎనిమిది. ఇప్పుడు పగలూ రాత్రీ సమానమయ్యే రోజొస్తోంది కదా, దానికేదో ఓస్టారా అంట. ఒక్కో పండుగకి ఒక్కో రంగు కొవ్వొత్తి, ఒక్కో వాసన. ఇంటినిండా కొవ్వొత్తులే. నువ్వు మాత్రం వెళ్ళకు. మన పాస్టర్ గారికి తెలిస్తే నాకు ప్రసంగం చెప్తారు."

కొవ్వొత్తులన్న మాట విన్నాక నేను ఆగుతానా? నలభై ఏళ్ళలో నా పని గురించి నన్ను ఒక్కరూ అడగలేదు. కాలానికొక వాసన చొప్పున కొవ్వొత్తి వెలిగించే మనిషి గోడకి ఆవలే ఉందంటే, దెయ్యమైనా సరే వెళ్ళి పలకరిస్తాను. ఆ మాటే అన్నాను. "నీ ఇష్టం, నేను చెప్పాల్సింది చెప్పాను" అని సునీత డ్యూటీకి పోయింది.

డోరీన్ వంటిల్లు

మర్నాడు పొద్దున్న పంచె మూటతో వెళ్ళి తలుపు తట్టాను. నా ఇంగ్లీషు పుస్తకాల ఇంగ్లీషు. "మేడమ్, నేను కొవ్వొత్తులు తయారుచేసేవాణ్ణి, మీ కొవ్వొత్తులు చూడ్డానికి అనుమతి కోరుతున్నాను" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం చూసి, "లోపలికి రా డక్, తలుపు వేసెయ్, చలి" అంది.

సోయా పాలతో టీ ఇచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది, తాగాను. బల్లమీద తన సరంజామా పరిచింది. తూర్పుకి పసుపుపచ్చ కొవ్వొత్తి, దక్షిణానికి ఎరుపు, పడమటికి నీలం, ఉత్తరానికి ఆకుపచ్చ. వసంతానికి ఏ వాసన వాడాలన్నదానికి ఆవిడకి ఖచ్చితమైన అభిప్రాయాలున్నాయి. వయొలెట్ పువ్వు సరే. గులాబీ తొందరపాటు, అది మండు వేసవిది. దాల్చినచెక్క తెచ్చేవాళ్ళని బయటికి నెట్టాలి, అది చలికాలానిది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా వైపు కూడా మల్లె ఇంకా రాకముందే మల్లె సెంటు పూసుకునేవాళ్ళని చూస్తే నాకు ఇలాగే ఉంటుంది.

అన్నీ సోయా మైనంవే. తేనెమైనం వాడరా అని అడిగాను. అడ్డంగా తలూపింది.

"మాంసం కూరిన 'పై' రొట్టెల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు చేశాను. పొద్దున్నించి సాయంత్రం దాకా కొవ్వు బెల్టు మీద పోతుంటే చూస్తూ నిలబడాలి. ఎన్నిసార్లు తలంటుకున్నా జుట్టులోంచి ఆ వాసన పోయేది కాదు. పని మానేసిన రోజున ఒట్టు పెట్టుకున్నాను, నా బల్లమీద జంతువుది ఏదీ ఉండదని. తేనె కూడా. గుడ్లు కూడా చూడు." ఓస్టారాకి రంగులేసిన గుడ్లు పెడతారుట. ఆవిడవి కొయ్య గుడ్లు.

అప్పుడు నేను మూట విప్పాను. ఎందుకు విప్పానని ఈ రోజుకీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆ ఒట్టు గురించి విన్నాక మూట అలాగే చంకలో పెట్టుకుని రావలసింది. కానీ తన పనితనం చూపించుకోవాలన్న యావ పెద్ద రోగం, ముసలితనంలో అది ముదురుతుంది.

ఆవిడ మల్లెది ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

"దీన్ని మీ భాషలో ఏమంటారు?"

"కొవ్వొత్తి."

"అర్థం ఉందా దానికి?"

నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుకున్నవాడికి ఇంతకంటే తీపి ప్రశ్న ఉండదు. "ఉంది మేడమ్. కొవ్వు అంటే ఫ్యాట్. ఒత్తి అంటే విక్. రెండూ కలిసి కొవ్వొత్తి" అని సంధి విడదీసి మరీ చెప్పాను.

కళ్ళు తెరిచింది. "ఫ్యాట్?"

"పేరుకే మేడమ్. అంతా మైనమే."

ముప్ఫై ఏళ్ళ అలవాటు కదా, నేను ఆలోచించే లోపే నోరు ఆ మాట అనేసింది. దీన్ని క్షమించవచ్చునేమో. కానీ ఆవిడ అక్కడితో ఆపలేదు. కొవ్వొత్తిని గోటితో మీటి చూసింది. "చాలా గట్టిగా ఉందే. గట్టిపడ్డానికి ఏదో కలుపుతారు కదా?"

పని తెలిసిన ప్రశ్న. జవాబు చెప్పడానికి కావలసినంత వ్యవధి ఇచ్చింది కూడా. టీ కప్పు పైకెత్తాను, ఒక గుక్క తాగాను, కప్పు దించాను.

"కలుపుతాం. పామాయిలుది. చెట్టుదే" అన్నాను.

"అయితే శనివారం నువ్వు రావాలి శామ్. ఇది నడిమధ్యన పెడతాను" అంది. ఆవిడ నన్ను శామ్ అనడం అదే మొదలు. మూడు కొవ్వొత్తులూ ఆవిడ బల్లమీదే వదిలి వచ్చాను.

కౌన్సిల్ మళ్ళు

శనివారానికి మంచు కమ్మేసింది. మార్చి ఆఖర్లో ఇంత మంచు తమ ఎరుకలో లేదని ఆ ఊరివాళ్ళే ఆశ్చర్యపోయారు. "ఇప్పటికైనా మానేయచ్చు మావయ్యా" అంది సునీత, నాకు వాళ్ళాయన బూట్లు రెండు మేజోళ్ళతో తొడుగుతూనే.

అక్కడ కౌన్సిల్ వాళ్ళు, అంటే మునిసిపాలిటీవాళ్ళు, ఊరిమధ్య పెద్ద ఖాళీ స్థలాన్ని మళ్ళుగా కోసి అద్దెకిస్తారు. కూరగాయలు పండించుకోవచ్చు. డోరీన్ మడిలో గాజు పలకలతో కట్టిన చిన్న మొక్కల షెడ్డు ఉంది. పండుగ బయట చేయాలనుకున్నారు, గాలికి లోపలికి చేరాం. ఏడుగురు పెద్దవాళ్ళం, మోకాళ్ళు మోకాళ్ళు తగులుకుంటూ. నేను మంత్రాలు, పొగలు ఊహించుకుని వెళ్ళాను. ఉన్నది ఒక రిటైర్డ్ బస్ డ్రైవరు, ఒక లైబ్రరీ ఆవిడ, ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒక తోటమాలి. మా చర్చిలో బుధవారం ప్రార్థన కూటానికి వచ్చేవాళ్ళు కూడా అచ్చం ఇలాంటివాళ్ళే. బస్ డ్రైవర్ పేరు కోలిన్. ఫ్లాస్కు చంకలో పెట్టుకుని పూజకి వచ్చాడు.

నాలుగు దిక్కులా నాలుగు వెలిగించారు. తడిసి అగ్గిపుల్లలు అంటుకోలేదు. కోలిన్ జేబులోంచి మంట వచ్చే గ్యాస్ పొయ్యి లైటర్ తీసి, "దేవత ఏమీ అనుకోదులే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత డోరీన్ నిలబడి రెండు చేతులూ బల్లమీద ఆనించింది. నవ్వులు ఆగిపోయాయి.

"ఈ బల్ల కోసం ఏ ప్రాణినీ నొప్పించలేదు" అంది.

ఒక్కొక్కరే ఆ మాట అన్నారు. కోలిన్ అన్నాడు, అక్కచెల్లెళ్ళు అన్నారు. వరస నా దగ్గరికి వచ్చింది. నేనూ అన్నాను. స్పష్టంగా, వ్యాకరణం తప్పకుండా అన్నాను. తర్వాత లైటరు నా చేతికిచ్చారు, తయారుచేసినవాడు వెలిగించాలని.

నా కొవ్వొత్తి నిటారుగా వెలిగింది. చుక్క జారలేదు. మల్లె వాసన గాజు గది నిండా మెల్లిగా పరుచుకుంది. బయట మంచు, లోపల మల్లెలు. "ఎంత నిలకడగా ఉందో చూడండి" అంది లైబ్రరీ ఆవిడ. ఆ నిలకడ ఏలూరు ఎండ కోసం పోసింది. ఆ మంచు దేశంలో వట్టి మైనమే రాయిలా నిలబడుతుంది, ఆ పలుకులు అక్కరే లేదు.

తలొక బఠాణీ గింజ మట్టికుండీలో గుచ్చి, ఈ ఏడు ఏం మొలవాలని కోరుకుంటున్నామో చెప్పాలి. "ఆరోగ్యం" అన్నాను. ఇంకేం అంటాను?

అయిపోయాక నేను ఊదబోతే కోలిన్ నా భుజం పట్టుకున్నాడు. "ఊదకు శామ్, ఇది పుట్టినరోజు కేకు కాదు." ఇత్తడి టోపీ ఉన్న పుల్లతో డోరీన్ మంటని మెల్లగా కప్పింది. మా అమ్మ గుర్తొచ్చింది. దీపం ఆర్పానంటే ఊరుకునేది కాదు. "ఆర్పడమేమిట్రా, కొండెక్కించానను" అని నెత్తిమీద మొట్టేది. మా ఇంట్లో యేసుక్రీస్తు పటం ముందు దీపమైనా సరే, కొండెక్కాల్సిందే. ఆ సంగతి చెప్తే వాళ్ళు ముచ్చటపడి, ఆ మాట నాచేత రెండుసార్లు చెప్పించుకుని నేర్చుకున్నారు. నిజమే చెప్పగల నోరు నాకుందని అప్పుడు కూడా గుర్తుకు రాలేదు.

ఫ్లాస్కులో బంగాళాదుంపల సూపు. ఓట్స్ బిస్కెట్లు.

ఇంటికొచ్చాక సునీత అడిగింది, "ఏం పెట్టారు మావయ్యా? కప్పల పులుసా?"

"బంగాళాదుంపల పులుసు. ఉప్పు లేదు."

"అంతేనా? మరి మొహం ఎందుకలా ఉంది?"

"ఉప్పు లేదన్నానుగా" అన్నాను.

తిరుగు దారి

ఇంకో పది రోజులున్నాను. సునీత కోట చూపించింది, చేపలూ వేయించిన బంగాళాదుంపలూ తినిపించింది, ఆదివారం హాలు అద్దెకు తీసుకుని జరుపుకునే తెలుగు ఆరాధనకి తీసుకెళ్ళింది. ఏదీ సరిగా రుచించలేదు. రోజూ గోడకి ఆవల డోరీన్ రేడియో వినిపించేది.

బయల్దేరిన రోజు ఆవిడ గుమ్మంలోకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "సంపెంగది మే ఒకటిన వెలిగిస్తాను శామ్, మా తర్వాతి పండుగ. మరువందాన్ని చలికాలం మొదట్లో పోయినవాళ్ళ రోజుకి దాస్తాను. మా అమ్మ కోసం."

నోరు తెరిచాను. కోచ్‌కి ఇంకా నలభై నిమిషాలుంది. ఒక్క వాక్యానికి అరనిమిషం చాలు.

"సూపుకి కృతజ్ఞతలు మేడమ్" అన్నాను.

విమానంలో పక్క సీటాయన పలకరిస్తే కసిరాను. దిగేదాకా ఎవరిమీదో ఒకరిమీద కోపం తెచ్చుకుంటూనే ఉన్నాను. బెజవాడ షావుకారు మీద, ఇన్వర్టర్ల మీద, కొవ్వొత్తికి ఆ పేరు పెట్టిన మా పూర్వీకుల మీద. వాళ్ళైనా నిజమే పెట్టారు పేరు.

ఏలూరు

మే నెల రెండో వారంలో సునీత ఫోన్ చేసింది. గొంతులో గర్వం.

"మావయ్యా, నువ్వు ఫేమస్. డోరీన్ సంపెంగది కూడా వెలిగించిందంట. ఇంత శుభ్రమైన కొవ్వొత్తి ఎక్కడా చూళ్ళేదని వాళ్ళ గ్రూపులో అందరికీ చెప్తోంది. ఇంకో ఆరు పోసి పంపిస్తావా అని అడుగుతోంది."

చెప్పేశాను. మొదటినుంచీ చివరిదాకా.

"ఆవిడ అడిగిందా, నువ్వు లేదన్నావా?"

"అవునే."

"రెండుసార్లు అడిగిందా?"

"రెండుసార్లు."

"మావయ్యా, వెజిటేరియన్ పేషెంట్‌కి ఎవరైనా తెలిసి చికెన్ సూపు పోస్తే నేను కంప్లైంట్ రాస్తాను. వాళ్ళ నమ్మకం నాకు నచ్చదు, అది వేరు. నేనైతే ఆవిడకి చెప్పను. నువ్వే రాయి. త్వరగా రాయి, పక్క గుమ్మంలో ఉండేది నేను."

రాశాను. నాలుగు పేజీలు. ఏలూరు ఎండ, మైనం కరిగే వేడి, స్టియరిక్ రకాలు, ఈ దేశంలో అందరూ చేసేదే నేనూ చేశానన్న వాదన, మా పంతులుగారి సంగతి, అంతా నిఘంటువు చూసుకుని మంచి ఇంగ్లీషులో రాశాను. పోస్టు చేశాక తేలికపడ్డాను కూడా. ఇప్పుడు దాని నకలు చదువుకుంటే సిగ్గేస్తుంది. క్షమించమన్న మాట నాలుగో పేజీ అడుగున, సంతకానికి పైన, ఇరుకులో ఉంది.

జవాబు రాలేదు. జూన్, జూలై గడిచాయి. సునీతని అడిగితే, "బిన్స్ పెడుతోంది. పార్సిల్స్ తీసుకుంటోంది. కానీ నన్ను డక్ అనడం మానేసింది మావయ్యా. సునీతా అని పేరు పెట్టి పిలుస్తోంది" అంది. ఆ అమ్మాయి ఏం పాపం చేసింది? మూట విప్పినవాణ్ణి నేను, ఆ పిలుపు పోగొట్టుకున్నది అది.

ఆగస్టులో మళ్ళీ రాశాను. ఈసారి నిఘంటువు తియ్యలేదు. "ఉందని నాకు తెలుసు. లేదన్నాను. నన్ను మెచ్చుకుంటారని అన్నాను. మూడోదాన్ని మీ అమ్మగారి కోసం వెలిగించకండి. సునీతకి ఇందులో ఏమీ తెలియదు." అంతే.

నవంబరులో, మా సమాధుల పండుగ అయిన వారానికి, పోస్టుమాన్ నీలం కవరు తెచ్చాడు. గుండ్రటి అక్షరాలు, ఒక్కటే కాగితం. తెలుగులో పెట్టి ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను.

"ప్రియమైన శామ్, మీ మొదటి ఉత్తరం సగంలో ఆపేశాను. రెండోది చదివాను. ఆ రోజు షెడ్డులో ఉన్న అందరికీ చెప్పాను. ఆ మాట వాళ్ళచేత అనిపించింది నేను కాబట్టి చెప్పక తప్పలేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఇక రావడం లేదు. మూడోదాన్ని కోలిన్, నేను కలిసి మడి చివర గొయ్యి తీసి పాతిపెట్టాం, ఏ పశువుదో మాకు తెలియదు కాబట్టి పేరు లేకుండా. సునీత మీద నాకు కోపం లేదని ఆమెతో నేనే చెప్పాను. మీ మీద పోయిందని ఇప్పుడే అనలేను. ఒక్క సంగతి మాత్రం మీకు తెలియాలి. వంటింట్లో అడిగినప్పుడే ఉందని చెప్పి ఉంటే, కొవ్వొత్తిని గుమ్మం బయట పెట్టి మిమ్మల్ని లోపల కూర్చోబెట్టుకునేదాన్ని. డోరీన్."